రాళ్ళ సందులో శాకాహారి

గడ్డి మొలిచిన చోటికి పశువు వస్తుంది. మేక, ఆవు, జింక, మిడత, నత్త... నేల మీద ఆకంటూ ఉంటే దాన్ని కొరికే నోరు ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది. మరి సముద్రంలో? విశాఖలో ఆటు వేళ తీరపు బండల దగ్గరికి దిగితే కాలు జారేంత నాచు కనిపిస్తుంది. పచ్చనిది, ఎర్రనిది, గోధుమ రంగుది. చల్లటి సముద్రాల రాతి తీరాల్లోనైతే అది అడవిలా పెరుగుతుంది. అంత మేత ఒడ్డునే ఉన్నా చేపలు దాని జోలికి పెద్దగా పోవు. ప్రపంచంలోని ముప్ఫై వేలకు పైగా చేప జాతుల్లో ముఖ్యంగా శాకాహారం మీదే బతికేవి సుమారు 5 శాతం అని లెక్క. సముద్రంలో ఉండే శాకాహారుల్లోనూ ఎక్కువ భాగం వెచ్చటి నీళ్ళలో, పగడపు దిబ్బల చుట్టూ తిరిగేవే. చల్లటి రాతి తీరంలో నాచు తిని కడుపు నింపుకునే చేప అరుదు.

నోరు చాలక కాదు. కొరకడం సులభం, కొరికినదాన్ని ఒంటబట్టించుకోవడమే కష్టం. ఆ కష్టాన్ని ఒక చేప ఎలా దాటిందో ఇప్పుడు జన్యువుల స్థాయిలో తెలిసింది. దాని ఊరు కాలిఫోర్నియా తీరం.

కోతిమొహం చేప

ఇంగ్లీషులో దాన్ని మంకీఫేస్ ప్రికిల్‌బ్యాక్ అంటారు. శాస్త్రీయ నామం సెబిడిక్తిస్ వయొలేషియస్. పాములా సాగిన ఒళ్ళు, మందపాటి పెదవులు, పెద్ద చేపలకు నెత్తి మీద ఉబ్బెత్తు కండ. మొహం చూసి పేరు పెట్టినవారిని తప్పు పట్టలేం. వీపు పొడవునా ఒకటే వాజం. దాని ముందు భాగం గట్టి ముళ్ళతో, వెనక భాగం మెత్తగా ఉంటుంది. అక్కడి జాలర్లు దీన్ని ఈల్ అనే పిలుస్తారు కానీ ఈల్ జాతితో దీనికి చుట్టరికం లేదు. 76 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పద్దెనిమిదేళ్ళ దాకా బతుకుతుంది.

దక్షిణ ఓరెగాన్ నుంచి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ఉత్తర భాగం దాకా దీని నివాసం. అలలు విరిగే చోట, బండల సందుల్లో, ఆటు వేళ నీళ్ళు మిగిలే గుంటల్లో ఉంటుంది. ఒక సందు నచ్చితే కొద్ది మీటర్లు దాటి పోదు. ఆటుకు నీరు తీసేస్తే కంగారు పడదు. తడిగా ఉన్న రాయి కిందో నాచు కిందో ఒదిగి గాలి పీల్చుకుంటుంది. ఒళ్ళు ఆరిపోకుండా ఉంటే 15 నుంచి 35 గంటల దాకా నీళ్ళ బయట బతకగలదు.

పుట్టుకతో ఇది శాకాహారి కాదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల నీళ్ళలో తేలే సూక్ష్మజీవులను, చిన్న రొయ్యలాంటి ప్రాణులను తింటుంది. ఒళ్ళు సుమారు 45 మిల్లీమీటర్లు దాటాక నాచు వైపు మళ్ళుతుంది. ఆ తర్వాత జీవితమంతా దాని కడుపులో కనిపించేది ఎక్కువగా ఎర్ర నాచు, పచ్చ నాచు. ఈ కొలత గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

*పెట్టె: కర్రతో పొడిచి పట్టే చేప*
*ఈ చేపను వలతోనో, ఒడ్డున గాలం విసిరో పట్టడం కష్టం. బండల సందులోంచి బయటికి రాదు. అందుకని కాలిఫోర్నియాలో జాలర్లు పొడవాటి వెదురు కర్ర చివర చిన్న తీగ, దానికి ఒక కొక్కెం కట్టి, ఆటు వేళ ఒక్కో సందులోకీ దూర్చి చూస్తారు. ఎర? స్క్విడ్ ముక్క. నాచు తినే చేప మాంసపు ఎరకు చిక్కుతుందా అంటే, చక్కగా చిక్కుతుంది. నాచులో దొరకడం కష్టమైన సరుకు ఎదురుగా వేలాడుతుంటే వదులుకునే రకం కాదది.*

నాచులో అందేది, అందనిది

నాచును కూరగాయలాంటిదనుకుంటే పొరపాటే. నేల మొక్కలో కణాల గోడ ముఖ్యంగా సెల్యులోజ్. నాచు గోడలో దానితో పాటు జిగురు పదార్థాలుంటాయి. ఎర్ర నాచులో అగర్, క్యారజీనన్. గోధుమ నాచులో ఆల్జినేట్. వీటిని మనం కొత్తగా చూడడం లేదు. చైనా గ్రాస్ పేరుతో అంగట్లో దొరికేది అగరే. ఐస్‌క్రీములో నీరు విడిపోకుండా పట్టి ఉంచడానికి క్యారజీనన్ కలుపుతారు. మనం తిన్నా అవి అరగవు. చేపకూ అంతే. ఆ గోడలను కరిగించే ఎంజైములు వెన్నెముక ఉన్న జంతువుల సొంత ఒంట్లో తయారు కావు.

కనుక నాచు తినే చేపకు పనికొచ్చే సరుకు గోడల లోపల ఉంటుంది: పిండి పదార్థం, మాంసకృత్తులు, కాస్త కొవ్వు. ఇందులో ఇంకో చిక్కు ఉంది. లోపలి పిండి అన్ని నాచుల్లో ఒకటే కాదు. పచ్చ నాచులోది బియ్యంలో, బంగాళాదుంపలో ఉండే పిండికి దగ్గరి బంధువు. ఎర్ర నాచులోది కొంచెం వేరైనా అదే కుటుంబం. గోధుమ నాచు మాత్రం పిండికి బదులు లామినరిన్ అనే వేరే చక్కెరల గొలుసును దాచుకుంటుంది. దాని ముడులు వేరు, మామూలు పిండిని విప్పే ఎంజైము వాటిని విప్పలేదు. పైగా గోధుమ నాచులో నోటికి వగరైన రక్షణ రసాయనాలూ ఎక్కువ.

కోతిమొహం చేప ఎర్రనిదీ పచ్చనిదీ ఏరుకుని, గోధుమ నాచును పక్కన పెట్టడం ఇప్పుడు అర్థమవుతుంది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, ఫుల్లర్టన్‌లో పనిచేసిన మైకేల్ హార్న్, ఆయన సహచరులు 1980ల నుంచే ఈ ఏరివేతను తీరం మీదా ప్రయోగశాలలోనూ గమనిస్తూ వచ్చారు. కళ్ళెదుట ఎన్నో రకాల నాచు ఉన్నా ఈ చేప కొన్నింటినే ఎంచుకుంటుంది. ఋతువును బట్టి ఎంపిక మారుతుంది కూడా. లేత ఏకవార్షిక నాచులు దొరికే కాలంలో వాటి మీద మొగ్గు చూపుతుంది.

నమలని నోరు, పుల్లటి కడుపు

గోడ పగలకుండా సరుకు బయటికి రాదు. పగలగొట్టే దారులు చేపల్లో కొన్ని ఉన్నాయి. పగడపు దిబ్బల్లో ఉండే చిలుకమూతి చేపలు గొంతులోని రెండో పళ్ళ వరసతో మేతను మెత్తగా నూరేస్తాయి. కొన్ని ఇసుక కూడా మింగి, గట్టి కండలున్న కడుపులో దానితోనే నాచును రుద్దుతాయి. కోతిమొహం చేపకు ఈ రెండూ లేవు. చిన్న పళ్ళతో నాచు ముక్కను పట్టి తెంపి మింగేస్తుంది. పని అంతా కడుపులోని ఆమ్లం చేస్తుంది. ఘాటైన ఆ ఆమ్లంలో నానేసరికి నాచు గోడలు బలహీనపడి లోపలి రసం బయటికి ఊరుతుంది. గోడ కరగనక్కర్లేదు, కారితే చాలు.

ఆ రసం పేగులోకి దిగాక ఎంజైముల వంతు. అసలు కథ ఇక్కడుంది.

అన్నం ముద్ద తీపెక్కడం

అన్నం ముద్దను మింగకుండా కాసేపు నములుతూ ఉంటే తీపి తెలుస్తుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పొడవాటి పిండి గొలుసును చిన్న చిన్న చక్కెర ముక్కలుగా తెంపుతుంది కాబట్టి. చేపల్లో అమైలేజ్ నోట్లో ఊరదు, క్లోమం నుంచి పేగులోకి వస్తుంది. పని మాత్రం ఒకటే. మాంసాహారి చేపల్లో ఇది కొద్దిగానే ఉంటుంది. వాటి తిండిలో పిండి తక్కువ మరి.

కోతిమొహం చేపలో అది మెండు. ఇంకా విశేషం, ఆ పెరుగుదల తిండిని చూసి వచ్చింది కాదు. డోనోవన్ జర్మన్, మైకేల్ హార్న్ మరొకరితో కలిసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, నాచుకు మళ్ళే వయసు రాని పిల్ల చేపలను తెచ్చి, మాంసకృత్తులు ఎక్కువున్న జంతు ఆహారమే పెట్టి పెంచారు. నాచు ముక్క ఎరగని చేప. అయినా ఒళ్ళు పెరిగేకొద్దీ అమైలేజ్ పెరిగింది. తిండి రాకముందే వంటగది సిద్ధమైందన్న మాట. ఆ 45 మిల్లీమీటర్ల మలుపు జన్యువుల్లోనే రాసి ఉంది.

రాసి ఉంటే ఎక్కడ, ఎలా? 2020లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, అర్వైన్‌కు చెందిన జోసెఫ్ హెరాస్, జర్మన్, వారి సహచరులు ఈ చేప జన్యు సంపుటం మొత్తాన్ని చదివి రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. అమైలేజ్‌ను తయారు చేసే జన్యువు అందులో ఒక్కటిగా లేదు. పక్కపక్కనే, వరసగా, నకళ్ళు పడి ఉంది. జన్యువులు తర్వాతి తరానికి ప్రతి తీసేటప్పుడు ఎప్పుడైనా ఒక ముక్క రెండుసార్లు రాసుకుపోవడం జీవలోకంలో మామూలే. చాలాసార్లు అది వృథా, కొన్నిసార్లు హాని. నాచు తినే చేపలో మాత్రం అది వరమైంది: ఒక ప్రతి కన్నా రెండు ప్రతులుంటే ఎంజైము ఎక్కువ, ఎంజైము ఎక్కువైతే అదే నాచు నుంచి ఎక్కువ చక్కెర. అలాంటి చేపలు మిగిలాయి, పిల్లలను కన్నాయి.

మనుషుల్లోనూ ఇదే జరిగింది. 2007లో జార్జ్ పెరీ బృందం ప్రచురించిన పరిశోధన ప్రకారం పిండి ఎక్కువగా తినే జనాల్లో లాలాజలపు అమైలేజ్ జన్యువు ప్రతులు సగటున ఎక్కువ. కుక్కల సంగతీ అంతే. తోడేలులో ఈ జన్యువు ప్రతులు రెండే. మనిషి పెట్టిన మెతుకులు తిని బతికిన కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయని 2013లో తేలింది. అన్నం తినే మనిషి, మనిషి ఇంట్లో కుక్క, పసిఫిక్ బండల కింద చేప ఒకే ఉపాయానికి వేర్వేరుగా చేరుకున్నాయి.

పొయ్యిలు పెంచడమా, మంట పెంచడమా

పెళ్ళి వంటకు ఒక పొయ్యి చాలకపోతే రెండు దారులు. పక్కన ఇంకో పొయ్యి వెలిగించవచ్చు, లేదా ఉన్న పొయ్యిలోనే మంట ఎగదోయవచ్చు. కోతిమొహం చేప మొదటి దారి పట్టింది. దానికి దూరపు బంధువొకటి అవే తీరాల్లో ఉంది, రాక్ ప్రికిల్‌బ్యాక్ అని. అదీ నాచే తింటుంది; సుమారు 60 మిల్లీమీటర్లకు పెరిగాక ఆ తిండికి మళ్ళుతుంది. దానిలోనూ అమైలేజ్ చురుకుదనం ఎక్కువ. కానీ 2016లో డోనోవన్ జర్మన్ బృందం లెక్కపెట్టి చూస్తే జన్యు ప్రతులు ఎక్కువ లేవు. ఉన్నవాటితోనే ఎక్కువ ఎంజైము చేయించుకుంటోంది.

నాకు ఈ ఫలితం జన్యు సంపుటం కన్నా ఆసక్తిగా అనిపిస్తుంది. ఒకే తీరం, ఒకే మేత, ఒకే కుటుంబం. అయినా రెండు జాతులు శాకాహారానికి విడివిడిగా చేరుకున్నాయి, విడివిడి పద్ధతుల్లో. ఇదే కుటుంబంలో మిగతావి చాలావరకు పురుగునో పీతనో తింటూనే ఉన్నాయి. జన్యు ప్రతులు లెక్కపెట్టి ఒక జంతువు ఏం తింటుందో చెప్పేయవచ్చని తొందరపడేవాళ్ళు ఈ రెండు చేపలను పక్కపక్కన పెట్టి చూడాలి.

కొవ్వు లేని చోట కొవ్వు వేట

2020 నాటి ఫలితాల్లో అమైలేజ్ ఊహించిందే. ఊహించనిది కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైముల సంగతి. ఆ జన్యువులూ ఈ చేపలో నకళ్ళు పడి పెరిగాయి, ఆ ఎంజైమూ చురుగ్గా ఉంది. తినే నాచులో కొవ్వు చూస్తే 5 శాతమే. లేని సరుకు కోసం ఇంత ఏర్పాటెందుకు?

ఒంటికి కావలసిన కొవ్వు ఆమ్లాల్లో కొన్నిటిని జంతువు సొంతంగా తయారు చేసుకోలేదు. తిండి నుంచే రావాలి. కణాల పొరలకు, మెదడుకు, గుడ్లకు అవి లేకుండా జరగదు. మాంసాహారి చేపకు ఆ లోటు ఉండదు, ఎరలోనే కొవ్వుంటుంది. కొంత వదిలేసినా నష్టం లేదు. నాచు తినే చేపకు వచ్చేదే చిటికెడు. అందులో ఒక్క చుక్క కూడా పేగు దాటి పోకూడదు.

ఈ పేగులో రెండు వ్యతిరేక తర్కాలు పక్కపక్కనే నడుస్తున్నాయి. పుష్కలంగా ఉన్నదాన్ని వేగంగా జుర్రుకోవడానికి ఒక ఎంజైము, అరుదుగా ఉన్నదాన్ని పోనివ్వకుండా పట్టుకోవడానికి ఇంకొకటి. తిండిలో ఏది ఎక్కువ ఉంటే దాని ఎంజైమే పెరుగుతుందని జీర్ణక్రియ శాస్త్రంలో ఒక పాత అంచనా ఉంది. ఆ అంచనా అమైలేజ్ దగ్గర సరిపోతుంది. లైపేజ్ దగ్గర తిరగబడుతుంది.

*పెట్టె: నోరి తిన్నవారి పేగు*
*జపాన్‌లో అన్నం చుట్టే నోరి రేకు ఎర్ర నాచుతో చేసినది. దాని గోడల్లోని పోర్ఫైరన్ అనే పదార్థం మన ఎంజైములకు లొంగదు. సముద్రంలో నాచు మీద బతికే ఒక బాక్టీరియాకు మాత్రం దాన్ని కోసే ఎంజైము ఉంది. ఆ ఎంజైము జన్యువు జపనీయుల పేగుల్లోని బాక్టీరియాలోకి చేరిందని 2010లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. పోలికకు చూసిన ఉత్తర అమెరికా వాసుల పేగుల్లో అది కనిపించలేదు. తరతరాలుగా నాచు తింటూ, దానితో పాటే వచ్చిన సముద్రపు బాక్టీరియా నుంచి పేగు బాక్టీరియా ఈ విద్యను ఎత్తుకుంది.*

బాక్టీరియాకు అన్నం పెట్టే చేపలు

సొంత ఎంజైములతో అందినంత లాగి, మిగిలినదాన్ని పారేయడం కోతిమొహం చేప పద్ధతి. ఇంకో పద్ధతీ ఉంది. న్యూజిలాండ్, దక్షిణ ఆస్ట్రేలియా రాతి తీరాల్లో సిల్వర్ డ్రమ్మర్ అనే చేప గోధుమ నాచునే తింటుంది. అవును, మనవాడు పక్కన పెట్టినదే. దాని పేగు వెనక భాగంలో బాక్టీరియా గుంపులు నివసిస్తాయి. చేపకు అరగని జిగురును, లామినరిన్‌ను అవి పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి, వాటిని చేప పీల్చుకుని శక్తిగా వాడుకుంటుంది. ఆవు కడుపులో గడ్డి పాలయ్యే దారిలో మొదటి మెట్టు ఇదే పులియడం. ఆక్లాండ్ యూనివర్సిటీకి చెందిన కెండల్ క్లెమెంట్స్ ఈ చేపల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్నారు.

ఇలాంటి పేగుల్లో వింతలూ దొరుకుతాయి. ఎర్రసముద్రంలోని నాచు తినే సర్జన్ చేపల పేగులో 1985లో ఒక వింత జీవి బయటపడింది. సగం మిల్లీమీటరుకు పైగా పొడవు, కంటికి ఆనేంత. అంత పెద్దది బాక్టీరియా కాగలదని ఎవరూ నమ్మలేదు. 1993లో ఎస్తేర్ ఆంగెర్ట్, క్లెమెంట్స్, నార్మన్ పేస్ దాని జన్యువులను పరీక్షించి, అది బాక్టీరియాయేనని తేల్చారు. పేరు ఎపులోపిసియం.

పులియబెట్టడానికి సమయం కావాలి, వెచ్చదనం ఉంటే మేలు. చేప ఒంటి వేడి దాని చుట్టూ ఉన్న నీటి వేడే. చలి నీళ్ళలో ఎంజైములైనా బాక్టీరియా అయినా నెమ్మదిగా పనిచేస్తాయి, ఆకలి మాత్రం నాచుతోనే తీరాలి. చల్లటి తీరాల్లో శాకాహారి చేపలు ఎందుకు తక్కువన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు ఇచ్చే జవాబుల్లో ఇది ముఖ్యమైనది. ఇదొక్కటే జవాబు కాదనే వాదనలూ ఉన్నాయి. సిల్వర్ డ్రమ్మర్ చల్లటి నీళ్ళలోనే కదా బతుకుతోంది.

నీరు వెచ్చబడితే

జవాబు ఏదైనా, వెచ్చటి నీళ్ళతో పాటు నాచు తినే చేపలు జరుగుతున్నాయన్నది కళ్ళకు కనిపిస్తోంది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఎర్రసముద్రం నుంచి మధ్యధరాలోకి చాలా జీవులు దాటాయి. వాటిలో రెండు జాతుల కుందేలు చేపలున్నాయి. పేరుకు తగ్గట్టు మేయడంలో దిట్టలు. టర్కీ, గ్రీస్ తీరాల్లో పరిశోధకులు కొలిచి చూస్తే ఈ చేపలు ఎక్కువగా ఉన్న చోట్ల పెద్ద నాచు 65 శాతం తక్కువగా ఉంది. నాచు పోతే దాని చాటున పెరిగే చేప పిల్లలు, పీతలు, నత్తలు కూడా పోతాయి. మిగిలేది బోడి బండ.

పశ్చిమ ఆస్ట్రేలియాలో 2011 వేసవిలో సముద్రం విపరీతంగా వేడెక్కింది. కెల్ప్ అనే పెద్ద గోధుమ నాచు అడవులు తీరం వెంట సుమారు 100 కిలోమీటర్ల మేర చచ్చిపోయాయి. వేడి తగ్గాక మళ్ళీ మొలుస్తాయనుకున్నారు. మొలక వేసిందల్లా ఉత్తరం నుంచి వచ్చిన ఉష్ణమండల చేపలు కొరికేశాయి. వేడి చంపింది, మేత తిరిగి లేవనివ్వలేదు.

కోతిమొహం చేపను ఈ దోషుల పక్కన నిలబెట్టనక్కర్లేదు. నెమ్మదిగా పెరుగుతుంది, ఇంటి సందు దాటదు, తన తీరపు నాచుతో లక్షల ఏళ్ళుగా కాపురం చేస్తోంది. మేసే నోరు ఉండడం సమస్య కాదు. ఆ నోటికి అలవాటు లేని నాచు ఎదురవడం సమస్య.

పండుగప్ప దాణా

డోనోవన్ జర్మన్ బృందం కోతిమొహం చేప మీద ఇంత ఆసక్తి చూపడానికి చేపల పెంపకం కూడా ఒక కారణం. ఇది ఆంధ్రప్రదేశ్ రైతుకు నేరుగా తగిలే విషయం. మన చెరువుల్లో బొచ్చె, శీలావతి తవుడుతో, చెక్కతో పెరుగుతాయి. వాటికి అసలు కడుపే లేదు, ఆమ్లమూ లేదు. గొంతు దాటిన మేత నేరుగా పేగులోకి పోతుంది. శీలావతిని కోసి శుభ్రం చేసినవారికి ఆ పేగు ఎంత పొడవో, ఎన్ని చుట్లు చుట్టుకుని ఉంటుందో తెలుసు. తెంపి నూరి, పొడవాటి దారిలో నిదానంగా నడిపించడం వాటి పద్ధతి.

పండుగప్ప సంగతి వేరు. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో మంచి ధర తెచ్చే ఈ చేప కరడుగట్టిన మాంసాహారి. చిన్న చేపలనో, చేపపొడి దండిగా కలిపిన దాణానో పెట్టాలి. ఆ చేపపొడి వచ్చేది సముద్రంలో పట్టిన కవళ్ళ లాంటి చిన్న చేపల నుంచి. చెరువులో చేప పెంచడానికి సముద్రంలో చేప తగ్గించడం ఎక్కడో దెబ్బతీస్తుందని దాణా కంపెనీలకూ తెలుసు. అందుకే సోయా పిండి, నూనె తీసిన తవుడు, ఇప్పుడు నాచు పిండి కలిపి చూస్తున్నారు.

కలిపిన ప్రతిసారీ తేలాల్సిన ప్రశ్నలు కోతిమొహం చేప పేగులో కనిపించినవే. పిండిని విడగొట్టే అమైలేజ్ ఈ చేపలో ఏ మేరకు ఉంది? దాణాలో చేపనూనె తగ్గిస్తే మిగిలిన కొద్ది కొవ్వును పట్టుకునే లైపేజ్ చాలా? పిల్ల దశలో పెడితే ఒంటబట్టని శాకాహార దాణా ఏ సైజు దాటాక ఒంటబడుతుంది? కోతిమొహం చేప కుటుంబంలోనే శాకాహారి పక్కన మాంసాహారి, ఒకే తీరంలో, ఒకే రకం బండల కింద దొరుకుతాయి. ఆ రెంటి మధ్య ఏ జన్యువు ఎంత తేడా తెస్తోందో వేరు చేసి చూడడం, చెరువులో వేల చేపల మీద దాణా మార్చి మార్చి నష్టపోతూ నేర్చుకోవడం కన్నా చవక.